కార్క్ చెట్టును చంపేది గొడ్డలి కాదు

సెలవులకు నల్గొండ పోయినప్పుడల్లా నా ఉద్యోగం గురించి చెప్పడానికే ఒక పూట పడుతుంది. పోర్చుగల్ దక్షిణాన అలెంతేజు ప్రాంతంలో కార్క్ ఓక్ చెట్ల ఆరోగ్యం చూడటం నా పని. సీసా బిరడా, మంచి రకం షటిల్ కాక్ తల, క్రికెట్ బంతి లోపలి బెండు ఆ చెట్టు బెరడు నుంచే వస్తాయి. ఇంత చెప్పగానే మా చిన్నాయన, "అంటే చెట్ల తోలు తీసుడే నీ నౌకరీ అన్నట్టు" అంటాడు. అక్కడినుంచే మొదలుపెడతాను.

అపోహ: బెరడు ఒలిస్తే చెట్టు చచ్చిపోతుంది.

మామూలు చెట్ల విషయంలో చిన్నాయన భయం సరైనదే. వేపమాను చుట్టూ పట్ట తీసేస్తే ఆకులు చేసిన ఆహారం వేర్లకు దిగే దారి తెగిపోతుంది, చెట్టు ఎండిపోతుంది. కార్క్ ఓక్‌కు మాత్రం బయట చచ్చిన కణాల బెండు మందంగా ఉంటుంది, దాని కింద ఆహారం మోసే ప్రాణమున్న పొర వేరుగా ఉంటుంది. ఒలిచేది పై బెండునే. కొత్త బెండు మళ్ళీ పుడుతుంది.

ఒలిచేది వేసవిలోనే, మే చివరి నుంచి ఆగస్టు దాకా. ఇద్దరు మనుషులు, చెరో గొడ్డలి. బెరడు పగులులో అంచు దించి కొద్దిగా మెలితిప్పుతారు. చప్పుడు బోలుగా వస్తే పట్ట వదులుతున్నట్టు. పొట్టిగా, పొడిగా వస్తే ఆ రోజుకు ఆ చెట్టు జోలికి పోరు. తర్వాత గొడ్డలి పిడి కొస దూర్చి పట్టను పలకలా ఊడదీస్తారు. కింద బయటపడే మాను తడిగా, లేత పసుపుగా ఉంటుంది, చెయ్యి పెడితే చల్లగా తగులుతుంది. రోజులు గడిచేకొద్దీ ఇటుక రంగుకు తిరుగుతుంది. దాని మీద తెల్ల రంగుతో ఆ ఏటి చివరి అంకె వేస్తారు. 4 అని ఉంటే 2024లో ఒలిచారని, 2033 దాకా ముట్టుకోకూడదని అర్థం. చట్టం ప్రకారం కనీసం తొమ్మిదేళ్ళు ఆగాల్సిందే.

మా ఊళ్ళో తాళ్ళు గీసే గౌడన్నల చేతిలో ఉండే లెక్కే ఈ పనివాళ్ళకూ ఉంటుంది. గొడ్డలి కాస్త లోతుకు పోయిందా, ఆ గాయం చెట్టు బతికినన్నాళ్ళూ ఉంటుంది, బూజు తెగుళ్ళు అందులోంచే లోపలికి పోతాయి. కాబట్టి ఒలవడంలో ప్రమాదం లేదని కాదు, ప్రమాదమంతా చేతివాటంలో ఉంది. ఆగ్వాస్ ద మోరా అనే ఊళ్ళో 1783లో నాటిన చెట్టును 1820 నుంచి ఇరవై సార్లకు పైగా ఒలిచారు. కొమ్మల నిండా పిట్టలు కూస్తుంటాయని దాన్ని 'ఈలవేసే చెట్టు' అంటారు. 2018లో యూరప్ మేటి చెట్టుగా ఎంపికైంది.

అపోహ: నాటితే పదేళ్ళలో డబ్బు.

మొదటి ఒలుపుకే దాదాపు పాతికేళ్ళు పడుతుంది. ఛాతీ ఎత్తులో చుట్టుకొలత 70 సెంటీమీటర్లు రావాలి. మొదటి, రెండో పట్టలు బిరడాలకు పనికిరావు, మూడోదే పనికొస్తుంది. అప్పటికి చెట్టు వయసు నలభై దాటుతుంది.

అపోహ: చెట్లు ఎండిపోతున్నది ఎండల వల్లే.

ఈ మాట నేను రోజూ వింటాను, ఎక్కువగా ట్రాక్టరు నడిపేవాళ్ళ నోట. కరవులు పెరిగిన మాట నిజమే. కానీ పక్కపక్కన ఉన్న రెండు కమతాల్లో ఒకటి పచ్చగా, ఒకటి మోడుగా ఉంటే ఎండను ఎంతని తిడతాం?

నేను ముందు చూసేది దున్నకాన్ని. అలెంతేజు నేలకు ఆ చరిత్ర ఉంది. గోధుమ సాగు పెంచాలని 1929లో ప్రభుత్వం మొదలుపెట్టిన ఉద్యమంలో చెట్ల మధ్య కూడా దున్ని గోధుమ వేశారు. నేడు గోధుమ తగ్గినా దున్నకం పోలేదు. తుప్పలు తీయడానికి, మంటలు రాకుండా ఉండడానికి డిస్కు (ట్రాక్టరుకు కట్టే పళ్ళేల నాగలి) తిప్పుతారు. ఒక ఎస్టేటు యజమాని నన్ను పిలిచి, నున్నగా దున్నిన నేల చూపించి, "ఇంత శుభ్రంగా ఉంచినా ఎండుతున్నాయి" అన్నాడు. ఒక చెట్టు మొదట్లో జానెడు లోతు తవ్వాను. పైపైన ఉండాల్సిన జుట్టులాంటి పిల్లవేర్లు దాదాపు లేవు. ఉన్న కొన్ని నల్లబడి, వేళ్ళతో లాగితే పై పొర తొడుగులా ఊడివచ్చింది. అది ఫైటోఫ్తోరా సిన్నమోమి అనే, వేర్లను కుళ్ళబెట్టే సూక్ష్మజీవి పని. బత్తాయి రైతులకు బంక తెగులు తెచ్చేవి దీని దాయాదులే. నీళ్ళు నిలిచే పల్లంలో అది ముందు పుంజుకుంటుంది, తడి మట్టిలో ఈదుతూ వేర్లను చేరుతుంది, ట్రాక్టరు చక్రాలకు అంటిన మట్టితో పక్క కమతానికి పోతుంది. వేర్లు పోయిన చెట్టుకు ఆగస్టు ఎండ ఆఖరి దెబ్బ మాత్రమే. అది చూసి ఎండే చంపిందంటాం.

అందుకే నేను డిస్కు వద్దంటాను. తుప్పను నేల పైనే కొట్టేయాలి, వేరు జోలికి పోకూడదు, యంత్రం కమతం మారేముందు చక్రాలు కడగాలి. ఖర్చని గొణుగుతారు. ఆ యజమాని కూడా గొణిగాడు, తర్వాతి శరత్తులో మళ్ళీ డిస్కే తిప్పించాడు.

అపోహ: పురుగే చంపుతోంది.

మానులో సొరంగాలు తొలిచే ప్లాటిపస్ పురుగు ఎక్కువగా నీరసించిన చెట్టును వెతుక్కుని వస్తుంది. శవం దగ్గర కాకిని చూసి హంతకుడనుకున్నట్టు ఉంటుంది ఈ వాదన.

అపోహ: మనిషి ముట్టకుండా వదిలేస్తే చాలు.

ఇది తాకని అడవి కాదు. కాయలు మేసే నల్ల పందులు, గొర్రెలు, మనుషులు కలిసి తయారుచేసిన తోపు. అక్కడివాళ్ళు మోంతాదు అంటారు. వదిలేస్తే తుప్పలు మనిషెత్తు పెరిగి మంట కొమ్మలకెక్కుతుంది. బెండు మందంగా ఉంటే చెట్టు తట్టుకుని మళ్ళీ చిగురిస్తుంది, ఈమధ్యే ఒలిచిన చెట్టు తట్టుకోలేదు. మందలు మరీ ఎక్కువైతే ఇంకో చిక్కు. రాలిన కాయ మొలిచినా నోట పడుతుంది. నేను తిరిగే కొన్ని కమతాల్లో ముసలి చెట్లే తప్ప మోకాలెత్తు పిల్లమొక్క ఒక్కటీ కనిపించదు. నా భయం ఒలిచేవాళ్ళ గురించి కాదు, ఈ ఖాళీ గురించే.

అపోహ: మన ఆకాశమల్లె కూడా కార్క్ చెట్టే కదా.

దాని బెరడు మెత్తగా, బెండులా ఉంటుందని ఇంగ్లీషులో 'ఇండియన్ కార్క్ ట్రీ' అనే పేరొచ్చింది. ఓక్‌తో చుట్టరికం లేదు. అసలు కార్క్ ఓక్‌కు చలికాలపు వానలు, పొడి వేసవి కావాలి. సున్నపు నేలలు పడవు.

అయినా చిన్నాయన "రెండు కాయలు తేరాదు బిడ్డా" అంటూనే ఉన్నాడు. తేనన్నాను. ఏ కాయకు ఏ మట్టి అంటి ఉంటుందో తెలియదు. పోయినసారి, ఉడకబెట్టి ఆరబెట్టిన పట్ట ముక్క ఒకటి తెచ్చిచ్చాను. గాలానికి బెండుగా కట్టుకున్నాడు.