బోదకాలు మాత్ర ఎక్కడ పుట్టింది?

గోదావరి డెల్టాకు బోదకాలు పాత పీడ. మురుగునీళ్లలో పెరిగే క్యూలెక్స్ దోమ కుడితే సన్నటి పురుగు ఒంట్లోకి చేరి ఒంట్లో ఊరే నీటిని తిరిగి రక్తంలోకి చేర్చే శోషరస (లింఫ్) నాళాల్లో తిష్ఠ వేస్తుంది. దాని పిల్లలు రాత్రిపూటే రక్తంలో తిరుగుతాయి. అందుకే ఆరోగ్య సిబ్బంది చీకటి పడ్డాక వచ్చి, వేలికి సూది పొడిచి గాజు పలక మీద రక్తం తీసుకుంటారు. ఊరందరికీ మందు పంచే రోజున పెద్దవాళ్లకు బోదకాలు మందు డీఈసీ మాత్రలు మూడు, నులిపురుగుల మాత్ర ఆల్బెండజోల్ ఒకటి ఎదుటే మింగిస్తారు. పరగడుపున వేసుకోవద్దంటారు. అప్పటికే వాచిపోయిన కాలు దీంతో మామూలు కాదు. రక్తంలో తిరిగే పురుగు పిల్లలు చచ్చి, జబ్బు మరొకరికి పాకడం ఆగుతుంది.

ఆ డీఈసీ 1947లో అమెరికాలో, లెడర్లీ అనే మందుల కంపెనీ ల్యాబులో బయటపడింది. ఆ ల్యాబు పరిశోధనలు నడిపించినవారు యల్లాప్రగడ సుబ్బారావు. పుట్టింది 1895లో, మన భీమవరంలోనే.

1922లో బోస్టన్‌లో దిగి, ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు చేస్తూ హార్వర్డ్‌లో చదివారాయన. రక్తంలో భాస్వరం ఎంతుందో కొలిచే పద్ధతిని అక్కడి శాస్త్రవేత్త సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ప్రచురించారు. నమూనాలో మాలిబ్డేట్ కలిపి మరో రసాయనం చేరిస్తే నీలం రంగు తేలుతుంది. నీలం ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువ. ఆ కొలతే కండరాల్లో శక్తిని నిల్వ ఉంచే ఫాస్ఫోక్రియాటిన్‌నీ, తర్వాత కణాలకు శక్తినిచ్చే ఏటీపీనీ పట్టిచ్చింది. ఆయన పనులన్నిటిలోకీ నాకు ఇదే అందంగా కనిపిస్తుంది.

ఇంత చేసినా హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీకి వెళ్లారు. రసాయన శాస్త్రవేత్తలు, ప్రయోగ జంతువులు, ఫ్యాక్టరీ ఒక్కచోట దొరికింది అక్కడే. ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్ తయారీ, పిల్లల రక్త క్యాన్సర్ మీద డాక్టర్ సిడ్నీ ఫార్బర్ వాడిన అమినోప్టెరిన్, ఆ వెంటే మరో క్యాన్సర్ మందు మెథోట్రెక్సేట్ అక్కడివే. అయినా ఆయన ఉద్యోగే తప్ప యజమాని కాదు. భారతీయులు పౌరసత్వానికి అనర్హులని 1923లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. ఆ అడ్డు తొలగింది 1946లో. 1948లో కన్నుమూసేనాటికీ ఆయన అమెరికా పౌరుడు కాలేదు.

1980లో అమెరికాలో బే–డోల్ చట్టం వచ్చింది. ప్రభుత్వ సొమ్ముతో జరిగిన పరిశోధనకు విశ్వవిద్యాలయమే పేటెంటు తీసుకుని కంపెనీలకు లైసెన్సు ఇవ్వొచ్చు. ప్రొఫెసర్లే కంపెనీలు పెట్టడం ఆ తర్వాత బాగా పెరిగింది. వలస వెళ్లినవాళ్లకు మాత్రం ఇది అంత తేలిక కాదు. హంగరీ నుంచి వెళ్లిన కాటలిన్ కరికో, డ్రూ వైస్‌మన్‌తో కలిసి కోవిడ్ టీకాల్లో వాడిన ఎంఆర్ఎన్ఏ చిక్కుముడి విప్పి, 2006లో కంపెనీ పెట్టారు. పేటెంటేమో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానిది. లైసెన్సు వేరేవాళ్లకు పోయింది. 2013లో ఆమె జర్మనీలోని బయోఎన్‌టెక్‌లో చేరారు. ఇద్దరికీ నోబెల్ వచ్చింది 2023లో.

ఇవాళ భీమవరం, కాకినాడ, అమలాపురం నుంచి అమెరికా ల్యాబులకు వెళ్లే పిల్లలకు పౌరసత్వ నిషేధం లేదు. కానీ హెచ్1బీ వీసా కొలువిచ్చినవారితో ముడిపడి ఉంటుంది. కొలువు వదిలి సొంత కంపెనీ పెడతానంటే అక్కడ ఉండే హక్కుకే ముప్పు. ఉద్యోగం మీద ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ సాధారణంగా 7 శాతం దాటకూడదన్నది నిబంధన. మనవాళ్ల వరస ఏళ్ల తరబడి సాగుతోంది. కొత్తది కనిపెట్టి బయటికి తేగల వయసంతా ఆ వరసలోనే గడిచిపోతోంది.