ఎర్త్‌బౌండ్: పిచ్చి ఆట వెనకున్న గట్టి లెక్క

రోల్ ప్లేయింగ్ గేముల్లో యుద్ధాల భాగాన్ని డిజైన్ చేయడం నా పని. ఈ రంగంలోకి కొత్తగా వచ్చినవాళ్లతో ఎర్త్‌బౌండ్ మాటెత్తితే చాలు, అవే అపోహలు మళ్లీ మళ్లీ వినిపిస్తాయి. 1994 ఆగస్టులో జపాన్‌లో ‘మదర్ 2’ పేరుతో నింటెండో వారి గేమ్ యంత్రం సూపర్ ఫామికామ్‌కు వచ్చిన ఆట ఇది. 1995 జూన్‌లో అమెరికాలో ఎర్త్‌బౌండ్‌గా విడుదలైంది.

అపోహ: బేస్‌బాల్ బ్యాటు, యోయో, పిజ్జా... ఇదేం సైన్స్ ఫిక్షన్?

కథ మొదలయ్యేదే ఉల్క పడటంతో. పదేళ్ల తర్వాతి కాలం నుంచి బజ్ బజ్ అనే పురుగులాంటి జీవి వచ్చి, గీగస్ అనే విలన్ లోకాన్ని చీకటి చేసేశాడని నెస్ అనే కుర్రాడికి చెబుతుంది. కాసేపటికే పక్కింటావిడ దాన్ని మామూలు పురుగనుకుని కొట్టి చంపేస్తుంది! చివర్లో గతంలోకి వెళ్లాలంటే మనిషి శరీరంతో కుదరదు, పిల్లలు రోబోల్లోకి మారాల్సి వస్తుంది. ఇంతకన్నా సైన్స్ ఫిక్షన్ ఏం కావాలి?

అపోహ: ఇంత వింతగా ఉందంటే, ఏది తోస్తే అది పెట్టేసి ఉంటారు.

నాకు బాగా చిరాకు తెప్పించేది ఇదే. హెచ్‌పీ మీటర్, అంటే పాత్రకు ఎంత ప్రాణం మిగిలిందో చూపే అంకెలు, అదొక్కటి చూడండి. దెబ్బ తగలగానే ప్రాణం ఒక్కసారిగా తగ్గదు. పాత కార్లలో కిలోమీటర్ల మీటర్‌లా అంకెలు తిరుగుతూ ఒక్కొక్కటిగా దిగుతాయి. మీకు 120 ఉండగా 300 దెబ్బ పడిందనుకోండి, లెక్క ప్రకారం పోయినట్టే. కానీ మీటర్ సున్నా చేరేలోపు వైద్యం చేసుకున్నా, శత్రువును ముగించినా బతికిపోతారు. యుద్ధం అయిపోతే మీటర్ అక్కడే ఆగిపోతుంది, 3 మిగిలినా సరే. వంతులవారీగా తీరిగ్గా ఆడే ఆటలో, సరిగ్గా ప్రాణం మీదికి వచ్చినప్పుడే గడియారం మొదలవుతుందన్నమాట. తెరమీద మెసేజ్ పూర్తయ్యేదాకా ఆగడం కూడా ఖరీదైపోతుంది. టెన్షన్ పుట్టించడానికి ఇంత చవకైన ఉపాయం నేను ఇంకెక్కడా చూడలేదు.

మిగతావీ అంతే. శత్రువులు ముందే కంటికి కనిపిస్తారు, వెనక నుంచి తగిలితే మొదటి దెబ్బ మీదే. మరీ బలహీనుడైతే యుద్ధమే ఉండదు, తగలగానే గెలిచినట్టు చూపిస్తుంది. ఇంటి మీద బెంగ పడితే నెస్ యుద్ధంలో పరధ్యానంగా ఉండిపోతాడు, అమ్మకు ఫోన్ చేస్తే సర్దుకుంటాడు. గేమ్ సేవ్ చేయాలంటే నాన్నకు ఫోన్ చేయాలి. గెలిచిన డబ్బు ఆయనే బ్యాంకులో వేస్తాడు, మీరు ఏటీఎంలో తీసుకోవాలి. నవ్వొచ్చే ప్రతి విషయానికీ ఆటలో ఒక పని ఉంది.

అపోహ: అంతా షిగెసాటో ఇటోయి ఒక్కడి ప్రతిభే.

ఈ ఆటను ఊహించి, రాసిన ఇటోయి అసలు ప్రకటనలు రాసే కాపీరైటర్. ఆటలోని మాటల రుచి ఆయనదే, సందేహం లేదు. కానీ తయారీ ఏళ్ల తరబడి సాగి ఇరుక్కుపోయింది. అప్పుడు హాల్ ల్యాబొరేటరీ అనే గేమ్ కంపెనీ నుంచి సటోరు ఇవాటా వచ్చాడు. ఉన్నదాన్ని సరిచేస్తూ పోతే రెండేళ్లు, మొదటినుంచి రాయనిస్తే అర్ధ సంవత్సరం అన్నాడు. మొదటినుంచే రాశారు. ఆ తర్వాత నింటెండో అధ్యక్షుడైన ఇవాటా ఈయనే.

అపోహ: గీగస్‌తో చివరి యుద్ధం గర్భస్రావానికి ప్రతీక.

అభిమానులు అల్లిన సిద్ధాంతం. చిన్నప్పుడు పొరపాటున వేరే సినిమా హాల్లోకి వెళ్లి చూసిన ఒక దృశ్యం తనను భయపెట్టిందని, గీగస్ మాటలు అక్కడి నుంచే పుట్టాయని ఇటోయి స్వయంగా చెప్పాడు.

అపోహ: పైరసీ కాపీలో సేవ్‌లు చెరిగిపోతాయనేది కట్టుకథ.

కాదు, నిజమే. అమెరికా వెర్షన్‌లో దొంగ కాపీ అని తేలితే దారి నిండా శత్రువులే. పట్టుదలగా చివరిదాకా వెళ్తే గీగస్ దగ్గర ఆట బిగుసుకుపోతుంది, సేవ్‌లు మాయం.

అపోహ: అమెరికాలో అమ్ముడుపోలేదంటే ఆట బాగోలేదనేగా?

కాదు, కారణాలు వేరే. బొమ్మలు పిల్లలు గీసినట్టుంటాయి. ఆ ఏడాదే పోటీగా సోనీ వారి కొత్త గేమ్ యంత్రం ప్లేస్టేషన్ అమెరికాలో అడుగుపెట్టింది. దానికి తోడు, పత్రికల్లో గోకితే దుర్వాసన వచ్చే ప్రకటనలు వేసి, ‘ఈ ఆట కంపు కొడుతుంది’ అని వాళ్లే రాసుకున్నారు. యూరప్‌కైతే 2013లో నింటెండో వారి వీ యూ యంత్రం మీద వచ్చేదాకా అధికారికంగా చేరనేలేదు. 2022 నుంచి నింటెండో చందా సేవ స్విచ్ ఆన్‌లైన్‌లో ఉంది. ఆడితే రీవైండ్ బటన్ మాత్రం ముట్టుకోకండి, ఆ మీటర్ పెట్టే కంగారంతా పోతుంది.