పాలిషర్ ఎందుకు చెయ్యి లాగేస్తుంది?

ఇనుము కోసే యాంగిల్ గ్రైండర్ చేతిలోకి తీసుకుంటే ఎవరికైనా కాస్త భయం వేస్తుంది. చెక్కకీ రాయికీ మెరుపు తెచ్చే పాలిషర్ అలా కాదు. ముందున్నది స్పాంజి ప్యాడో, ఊలు ప్యాడో. వేలితో నొక్కితే దిండులా అణుగుతుంది. ఇదేం చేస్తుందిలే అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది, మొదటిసారి ఒక చెక్క బల్ల మీద పెట్టి స్విచ్ వేసేదాకా. ప్యాడ్ ఒకవైపు ఎక్కువ ఆనిందో లేదో, మెషీన్ బల్ల దాటి దూకబోయింది. కంగారుగా వెనక్కి లాగితే ఈసారి పక్కకు పరిగెత్తింది.

మెషీన్‌లో లోపమేమీ లేదు. ప్యాడ్ అంతా సమంగా ఆనినప్పుడు కుడి అంచు దగ్గరి రాపిడి ఒకవైపు తోస్తే, ఎడమ అంచు దగ్గరిది దానికి ఎదురు తోస్తుంది. ముందు, వెనక కూడా అంతే. మెషీన్ ఉన్నచోటే ఉంటుంది. ఇక మిగిలేది మెషీన్‌నే గిర్రున తిప్పెయ్యాలని చూసే బలం. పక్క హ్యాండిల్ ఉన్నది దాన్ని ఆపడానికే, కాబట్టి రెండో చెయ్యి దాని మీద ఉండాల్సిందే.

కొంచెం వంచితే ఈ లెక్క తప్పుతుంది. పాలిషర్ ప్యాడ్ సాధారణంగా, పైనుంచి చూస్తే, గడియారం ముల్లు తిరిగే వైపే తిరుగుతుంది. అంటే కుడి అంచు మనవైపు వస్తూ ఉంటుంది. అక్కడ ఎక్కువ నొక్కితే మెషీన్ మన నుంచి దూరంగా పోతుంది. ఎడమ అంచు నొక్కితే మన మీదికొస్తుంది. ముందు అంచు నొక్కితే ఎడమకి, వెనక అంచు నొక్కితే కుడికి. చెయ్యి తిరిగినవాళ్లు పనిచేస్తుంటే చూడండి: వాళ్లు మెషీన్‌ని తోయరు, ఈడ్వరు. మణికట్టు రవ్వంత వంచుతారు, అదే కావలసిన చోటికి పోతుంది.

అంచుల దగ్గర ప్రమాదం కూడా ఈ లెక్కలోనిదే. తలుపు రెక్క కుడి అంచుకి పాలిష్ పెడుతున్నారనుకుందాం. ప్యాడ్ ముందు సగం ఎడమ నుంచి కుడికి, అంటే చెక్క మీంచి బయటికి జారిపోతుంది. ఆ సగంతో పనిచేస్తే ఏ గొడవా లేదు. వెనక సగం బయటి నుంచి లోపలికి వస్తూ నేరుగా అంచుకి తగులుతుంది. తగిలి పట్టేసిందంటే ప్యాడ్ చిరగొచ్చు, మెషీన్ చేతుల్లోంచి ఎగరొచ్చు. పైపూత పోవడం ఎలాగూ ఖాయం.

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఒకటుంది: ఉన్న గ్రైండర్‌కే పాలిష్ ప్యాడ్ తగిలిస్తే సరిపోదా? ఒక్కసారి లెక్క చూద్దాం. 180 మిల్లీమీటర్ల ప్యాడ్ నిమిషానికి 2,000 సార్లు తిరిగితే దాని అంచు వేగం గంటకు దాదాపు 68 కిలోమీటర్లు. చిన్న గ్రైండర్లు చాలావరకు 11,000 సార్లు తిరుగుతాయి. అదే ప్యాడ్‌ని దానికి తగిలిస్తే అంచు వేగం గంటకు 370 కిలోమీటర్లు దాటుతుంది. వేగం పెరిగింది అయిదున్నర రెట్లే, కానీ ప్యాడ్‌ని బయటికి చీల్చే బలం వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి అది 30 రెట్లవుతుంది. జిగురు, వెల్‌క్రో, ప్యాడ్‌ని పట్టి ఉంచే వెనక ప్లేటు అన్నీ అంత బలాన్ని తట్టుకోవాలి. ప్లేటు మీద గరిష్ఠ ఆర్‌పీఎం (నిమిషానికి ఎన్ని చుట్లు) అచ్చువేసేది అందుకే. మెషీన్ వేగం ఆ అంకె దాటకూడదు.

తక్కువ స్పీడులో కూడా ఏమరుపాటు పనికిరాదు. 2,000 ఆర్‌పీఎం అంటే సెకనుకు 33 చుట్లు. చొక్కా చేతినుంచి వేలాడే దారం చిక్కుకుందనుకోండి, మనకి తెలిసి స్విచ్ మీది వేలు కదిలేసరికి, సుమారు అయిదో వంతు సెకనులో, ప్యాడ్ ఆరేడు చుట్లు తిరిగేస్తుంది. అంచు చుట్టూ అయితే మూడున్నర మీటర్ల దారం చుట్టుకుపోయేంత. వదులు చేతులు, జడ, మెడలో గొలుసు గురించి ఇక వేరే చెప్పక్కర్లేదు. వదులుగా ఉండే నూలు గ్లౌజులు కూడా వద్దు. కరెంటు వైరుని భుజం మీదుగా వెనక్కి వేసుకునే అలవాటు చూడ్డానికి స్టైల్‌లా ఉంటుంది కానీ, వైరు ప్యాడ్ కిందికి పోకుండా ఆపేది అదే.

ప్యాడ్‌ని పని మీద ఆనించాకే స్విచ్ వేయాలి, లేకపోతే ప్యాడ్‌కి రాసిన కాంపౌండ్, అంటే పాలిష్ ముద్ద, కళ్లలోకి చిమ్ముతుంది. మధ్యలో కరెంటు పోతే స్విచ్ ఆఫ్ చేయాలి. ప్యాడ్ మార్చే ముందు ప్లగ్ తీసెయ్యాలి.

రాయికి పాలిష్ పెడితే లేచే సిలికా దుమ్ము వేరే సంగతి. 10 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) కంటే సన్నటి రేణువులు ఊపిరితిత్తుల లోతుకి పోయి అక్కడే ఉండిపోతాయి, ముక్కుకి కట్టుకున్న గుడ్డ వాటిని ఆపలేదు. నీళ్లతో తడుపుతూ చేస్తే దుమ్ము బాగా తగ్గుతుంది, కానీ అందుకు తడిలో వాడటానికే తయారైన మెషీన్ కావాలి.

చెయ్యి లాగే భయం లేనిది కావాలంటే డ్యూయల్ యాక్షన్ పాలిషర్ నయం, అంటే ప్యాడ్ తిరుగుతూనే చిన్న చిన్న చుట్లలో అదిరే రకం. గట్టిగా నొక్కినా, ఎక్కడైనా తగిలినా చాలా మోడళ్లలో ప్యాడ్ తిరగడం మానేస్తుంది. అదరడం మాత్రం ఆపదు. 1918లో ఆలిస్ హామిల్టన్ అనే అమెరికన్ డాక్టర్ ఇండియానాలోని రాతి పనివాళ్లని పరీక్షించి, గాలి సుత్తుల అదురు వల్ల వాళ్ల వేళ్లు చలిలో తెల్లబడి మొద్దుబారుతున్నాయని రాసింది. పాలిషర్ అదురు ఆ సుత్తులంత కాదు. అయినా రోజూ గంటల తరబడి పనిచేసేవాళ్లకి లెక్క అదే: అదురు రెండింతలైతే పనిచేయదగ్గ సమయం నాలుగో వంతుకి పడిపోతుంది.

చెక్కకి అవిసె నూనె పట్టించి పాలిష్ పెట్టినవాళ్లు మెషీన్ ఆపాక కూడా ఒక్క పని మర్చిపోకూడదు. ఆ నూనె ఆరేటప్పుడు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి వేడి పుట్టిస్తుంది. తుడిచిన గుడ్డని ఉండచుట్టి మూలకి విసిరేస్తే ఆ వేడి బయటికి పోలేక, కొన్ని గంటల తర్వాత ఎవరూ లేనప్పుడు గుడ్డ తనంతట తనే అంటుకోవచ్చు. ఆ గుడ్డని ఆరుబయట పలచగా పరచండి, లేదా నీళ్లున్న డబ్బాలో ముంచి మూత పెట్టండి.