ఆకలి లేకపోయినా చెయ్యి డబ్బాలోకి ఎందుకు పోతుంది? అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. బరువు తగ్గాలని నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామందికి ఏం తినాలో, ఏం తినకూడదో బాగానే తెలుసు. వాళ్ళ ఇబ్బంది వేరు. కడుపు నిండుగా ఉన్నా మనసు బాగాలేకపోతే తింటారు. తిన్నాక ఏడుస్తారు. తిండి కంటే ఇంట్లోవాళ్ళు అనే మాటలే వాళ్ళను ఎక్కువ కుంగదీస్తాయి. ముందు ఆ మాటల సంగతి చూద్దాం.

అపోహ: నోరు కట్టుకోలేనివాళ్ళే అలా తింటారు.

వాస్తవం: టెన్షన్ రోజుల తరబడి ఉంటే ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోన్ పెరుగుతుంది. దానివల్ల ఆకలి పెరగొచ్చు, మనసు తీపి మీదికీ నూనె సరుకుల మీదికీ లాగొచ్చు. తిన్న కాసేపు నిజంగానే ఊరట దొరుకుతుంది. మెదడు ఆ ఊరటను గుర్తుపెట్టుకుని, మళ్ళీ దిగులు కలగగానే అటే నడిపిస్తుంది. టెన్షన్‌లో ముద్ద దిగనివాళ్ళూ ఉన్నారు, ఒక్కొక్కరి ఒళ్ళు ఒక్కో తీరు. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

పీలేరు వైపు నుంచి ఒకావిడ వచ్చేవారు. యాభై దాటిన మనిషి. "రాత్రయితే నిప్పట్ల డబ్బా కాడ చెయ్యి నిలవదు మేడం. లైటు గూడా వేసుకోను, నిలబడే తినేస్తా" అన్నారు. నేను డైట్ చార్టు ఇవ్వలేదు, ఒక చిన్న నోట్‌బుక్ ఇచ్చాను. తిన్న టైము, అప్పుడు ఆకలి ఉందా లేదా, అంతకుముందు ఏం జరిగింది - ఈ మూడే రాయమన్నాను. మళ్ళీ వచ్చినప్పుడు ఒక పేజీలో ఇలా ఉంది: "9.40. ఆకలి లేదు. బెంగళూరుకు ఫోన్ చేసినా. వాడు ఎత్తలేదు." తర్వాతి పేజీలోనూ దాదాపు అదే టైము, అదే మాట. ఆవిడే వేలు పెట్టి ఒక్కో పేజీ చూపిస్తూ పోయారు, కాసేపు మాట్లాడలేదు.

"అమ్మా, నిప్పట్లు మానొద్దు. రెండు ప్లేటులో పెట్టుకుని, కూర్చుని, లైటు వేసుకుని తినండి. అబ్బాయికి ఏ టైముకు వీలవుతుందో అడిగి, అప్పుడే ఫోన్ చేయండి" అన్నాను. నాలుగు నెలల్లో మూడు కిలోలు తగ్గారు. ఆవిడ పది అనుకుని వచ్చారు. నాకు మాత్రం ఆ మూడు కిలోలకంటే, చీకట్లో నిలబడి తినడం ఆగిపోవడమే పెద్ద విషయం.

అపోహ: రాత్రి ఎక్కువ తింటే మర్నాడు మాడితే సరిపోతుంది.

వాస్తవం: నేను అన్నిటికంటే ఎక్కువ భయపడేది దీనికే. పొద్దున టిఫిన్ మానేసి, మధ్యాహ్నం రెండు ముద్దలతో సరిపెట్టుకున్న మనిషి సాయంత్రానికి ఏది కనిపిస్తే అది తినేస్తారు. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు దాదాపు ఆరు నెలలు అంతకుముందు తినే దాంట్లో సగమే పెట్టి చూశారు. బరువులో దాదాపు నాలుగో వంతు పోయింది. దాంతోపాటే వాళ్ళకు తిండి తప్ప వేరే ధ్యాస లేకుండా పోయింది. వంటల పుస్తకాలు చదువుతూ కూర్చున్నవాళ్ళు ఉన్నారు. మళ్ళీ కావలసినంత తిననిచ్చాక కూడా ఎంత తిన్నా తనివి తీరలేదని కొందరు చెప్పారు. వాళ్ళేమీ తిండిపోతులు కారు కదా.

శనివారం ఒక్కపొద్దు భక్తితో ఉంటే అది మీ ఇష్టం, షుగర్ మందులు వాడేవాళ్ళు మాత్రం డాక్టర్ని అడిగి ఉండండి. బరువు కోసమే అయితే వద్దు. మూడు పూటలా తినండి, పప్పో గుడ్డో ప్రతి పూటా ఉండేలా చూసుకోండి. రాత్రి డబ్బా మీదికి పోయే ధ్యాస అక్కడే చాలావరకు తగ్గుతుంది.

అపోహ: అన్నం మాని రాగి సంగటి తింటే బరువు తగ్గుతారు.

వాస్తవం: రాగుల్లో పీచు, కాల్షియం ఎక్కువ, కానీ క్యాలరీల్లో బియ్యానికీ రాగులకూ పెద్ద తేడా లేదు. సంగటి మంచిదే. ముద్ద సైజు చూసుకోండి, ఊరుబిండి పచ్చడిలో పడే శెనక్కాయలనూ లెక్కలో వేసుకోండి.

అపోహ: శ్రీవారి లడ్డూ జోలికే పోకూడదు.

వాస్తవం: ఈ ఊళ్ళో అది జరిగే పనేనా? చుట్టాలు కొండ దిగి వస్తే చేతిలో లడ్డూ ఉంటుంది. ఒక్కో లడ్డూ 160 నుంచి 180 గ్రాముల దాకా తూగుతుంది. వద్దు వద్దు అని ఫ్రిజ్‌లో దాస్తే అందరూ పడుకున్నాక మొత్తం అయిపోతుంది. వచ్చినరోజే నలుగురికీ పంచి, మీ వంతు ముక్క కళ్ళకద్దుకుని తినండి. షుగర్ ఉన్నవాళ్ళు చిటికెడుతో ఆపండి.

అపోహ: నెలకోసారి నడిచి కొండెక్కితే తిన్నదంతా కరిగిపోతుంది.

వాస్తవం: అలిపిరి దారిలో 3,550 మెట్లు. మనసుకూ ఒంటికీ మంచిదే. కానీ కిలో కొవ్వంటే దాదాపు 7,700 క్యాలరీలు, అంత కొవ్వు ఒక్క నడకతో కరగదు. రోజూ సాయంత్రం అరగంట నడవండి. దిగులు వచ్చే టైముకు బయట ఉండటం ఇంకా మేలు.

అపోహ: నిద్రకూ ఆకలికీ సంబంధం లేదు.

వాస్తవం: ఉంది. నిద్ర చాలకపోతే ఆకలిని పెంచే గ్రెలిన్ పెరుగుతుంది, కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ తగ్గుతుంది. లాడ్జీల్లో, హోటళ్ళలో నైట్ డ్యూటీ చేసేవాళ్ళకు ఇది నేను మొదటిరోజే చెబుతాను.

అపోహ: ఎంత ఎక్కువ తిన్నా అది అలవాటే, జబ్బు కాదు.

వాస్తవం: ఒక్కోసారి జబ్బే. తక్కువ టైములో చాలా ఎక్కువ తినడం, ఆపాలన్నా ఆపలేకపోవడం, తిన్నాక తన మీద తనకే అసహ్యం కలగడం - ఇది వారానికి ఒకసారైనా, మూడు నెలలుగా జరుగుతుంటే బింజ్ ఈటింగ్ డిజార్డర్ కావచ్చు. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం దీన్ని ప్రత్యేక జబ్బుగా గుర్తించింది. దీనికి చికిత్స ఉంది. తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. అక్కడికి వెళ్ళడానికి జంకుగా ఉంటే ముందు 14416కు ఫోన్ చేయండి. అది మానసిక ఇబ్బందులకు సాయం చేసే ప్రభుత్వ ఫోన్ సేవ టెలి మానస్ నంబరు, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఇంట్లో ఎవరూ లేని టైము చూసుకుని చేసినా పర్వాలేదు.