బాసర గేటు దగ్గర ఏడు రోజులు: ఈ గొడవ అసలెక్కడ ముదిరింది

బాసర ట్రిపుల్ ఐటీ పేరు మళ్ళీ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. ఈసారి కూడా మాటలు అవే, మెస్సు, ఔట్‌పాస్ అంటే గేటు దాటి బయటికెళ్ళే పర్మిషన్ కాగితం, వీసీ అంటే వైస్ ఛాన్సలర్. సాయంత్రంలోగా నేపథ్యం రాసివ్వు అన్నారు, సరే అన్నాను. వైఎస్ హయాంలో 2008లో పెట్టడం, బాసర, నూజివీడు, ఇడుపులపాయ మూడు క్యాంపస్‌లు, పదో తరగతి మార్కులతో పల్లెటూరి పిల్లలకి సీట్లు, మొదటి ఛాన్సలర్‌గా రాజ్ రెడ్డి, ఈ కథంతా అందరికీ తెలిసిందే, ఇంకోసారి చెప్పను. అందులోంచి ఒక్క ముక్క మాత్రం పట్టుకోవాలి ఎందుకంటే మిగతాదంతా దానికే వేలాడుతోంది.

అదేంటంటే ఇది ఆరేళ్ళ చదువు. రెండేళ్ళు పీయూసీ, అంటే మన ఇంటర్ లాంటిది, ఆ తర్వాత నాలుగేళ్ళు బీటెక్. క్యాంపస్ భాషలో పీ1, పీ2, ఈ1 నుంచి ఈ4 దాకా. పీ1లో చేరేటప్పుడు పిల్లకి పదిహేనేళ్ళు, ఈ4లో ఉన్న అక్కకి ఇరవై ఒకటి. వోటు హక్కొచ్చి మూడేళ్ళైన మనిషీ, పక్క తడపడం మానేసి పదేళ్ళు కూడా కాని పిల్లాడూ ఒకే కాంపౌండ్ గోడ లోపల ఒకే గేటు దగ్గర ఒకే రకం కాగితం పట్టుకుని నిలబడాలి. ఇంటి నుంచి పర్మిషన్ వస్తేనే ఔట్‌పాస్. పదిహేనేళ్ళ పిల్లకి ఇది న్యాయమే అనుకుందాం. మరి ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూలకి రెడీ అవుతున్న ఇరవై ఒకటేళ్ళ మనిషికి కూడా వాళ్ళ నాన్న హామీ ఇవ్వాలా అంటే జవాబు చెప్పేవాళ్ళు ఉండరు, రూలు రూలే అంటారు.

నేను చదివింది అక్కడ కాదు, ఇంకో హాస్టల్ కాలేజీలో, పేరు వద్దులే. మా దగ్గర ఔటింగ్‌కి తండ్రి స్వయంగా వచ్చి రిజిస్టర్‌లో సంతకం పెట్టాలి. మా నాన్న రావాలంటే ఒక రోజు కూలీ పోవాలి, బస్సు చార్జీలు అదనం. కాబట్టి నాలుగు నెలలు గేటు దాటలేదు నేను, పన్ను వాచి బుగ్గ ఉబ్బినా సరే వార్డెన్ ఇచ్చిన మాత్రతోనే సరిపెట్టుకున్నా. రూలు రాసినవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు, తండ్రి అంటే కారేసుకుని వచ్చే మనిషి అని ఊహించుకున్నారు అంతే. బాసరలో చదివే పిల్లల్లో ఎక్కువమంది ఇళ్ళు కూడా మా ఇంటి లాంటివే. సర్కారు బడిలో చదివినవాళ్ళకి సెలక్షన్‌లో అదనంగా కొంత కలుపుతారు కదా, అసలా ఏర్పాటే అలాంటి ఇళ్ళ కోసం.

ఇక అసలు మలుపు. నన్నడిగితే ఇప్పటి ప్రతి గొడవకీ మూలం 2022 జూన్ 14.

ఆ రోజు వేల మంది పిల్లలు క్లాసులు వదిలేసి మెయిన్ గేటు లోపలివైపు వచ్చి కూర్చున్నారు. ఎండకి గొడుగులు పట్టుకుని, వాన పడితే అవే గొడుగుల కింద. బయట పోలీసులు, లోపల పిల్లలు, మధ్యలో ఇనప గేటు. పన్నెండు డిమాండ్లు పెట్టారు. అవి ఒకసారి చూడండి. రెగ్యులర్ వీసీని వెయ్యండి, ఆయన క్యాంపస్‌లోనే ఉండాలి. టీచర్లని రిక్రూట్ చెయ్యండి. హాస్టల్ బిల్డింగులు రిపేరు చెయ్యండి. లాప్‌టాప్‌లు, యూనిఫాంలు, మంచాలు, పరుపులు ఇవ్వండి. లైబ్రరీలో పుస్తకాలు, సరైన ఇంటర్నెట్, తినగలిగే తిండి. ముఖ్యమంత్రి ఒకసారి వచ్చి చూడాలి. బయట కొంతమంది ఏమనుకున్నారంటే పిల్లలు స్వేచ్ఛ కోసం, సినిమాలకీ షికార్లకీ పోవడం కోసం అల్లరి చేస్తున్నారని. పరుపు అడగడం షికారు ఎలా అవుతుందో నాకైతే ఇప్పటికీ అర్థం కాదు.

లాప్‌టాప్ సంగతి కొంచెం చెప్పాలి. ఈ యూనివర్సిటీ పుట్టిందే లాప్‌టాప్ మీద చదువు అనే ఐడియాతో, పల్లెటూరి పిల్లలకి పెద్ద ప్రొఫెసర్ల పాఠాలు వీడియోలో చూపించి పక్కన మెంటర్ ఉంటాడు అని. మొదటి బ్యాచ్‌లకి చేతికి లాప్‌టాపే ఇచ్చారు, ఊళ్ళో అది ఎంత గొప్పగా చెప్పుకునేవాళ్ళో. పద్నాలుగేళ్ళ తర్వాత వచ్చిన పిల్లలు అదే లాప్‌టాప్ కోసం గేటు దగ్గర కూర్చోవాల్సి వచ్చింది.

డిమాండ్లలో మొదట చెప్పుకోవాల్సింది వీసీ విషయం. రాష్ట్రం విడిపోయి బాసర తెలంగాణకొచ్చాక నడిపించింది ఇన్‌చార్జి వీసీలే. 2022 జూన్ నాటికి ఇన్‌చార్జి రాహుల్ బొజ్జా, ఐఏఎస్ అధికారి, హైదరాబాద్‌లో వేరే పెద్ద బాధ్యతలున్న మనిషి. ఆయన్ని తప్పు పట్టడం కాదు, సుమారు రెండొందల కిలోమీటర్ల దూరంలో కూర్చుని ఎవరైనా ఏం చేస్తారు? మెస్ పప్పులో నీళ్ళెక్కువయ్యాయని కేర్‌టేకర్‌కి చెప్తే ఆయన పైకి చెప్తాడు, పైనున్నవాళ్ళు ఫైలు హైదరాబాద్ పంపాలంటారు, ఫైలు వెళ్తుంది, అంతే. ఇన్‌చార్జికి రూలు అమలు చెయ్యడం తేలిక, రూలు మార్చడం కష్టం, రేపు ఉంటాడో లేడో తెలియని మనిషి ఎందుకు నెత్తిన వేసుకుంటాడు. ఔట్‌పాస్ పద్ధతిని వయసుని బట్టి మార్చాలన్నా సంతకం పెట్టాల్సింది ఆ కుర్చీలో ఉన్న మనిషే కదా.

ఆ వారంలో పార్టీల వాళ్ళంతా బాసర దారి పట్టారు, చాలామందిని పోలీసులు దారిలోనే ఆపేశారు. జూన్ 17న అప్పటి కాంగ్రెస్ రాష్ట్ర అధ్యక్షుడు రేవంత్ రెడ్డి మాత్రం పోలీసుల కళ్ళుగప్పి క్యాంపస్ గోడ దూకి లోపలికెళ్ళాడు, పోలీసులు పట్టుకుని తీసుకెళ్ళారు. ఆ గోడ గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది. పిల్లలు మాత్రం మాకు పార్టీలొద్దు, మా స్టూడెంట్ గవర్నింగ్ కౌన్సిల్ మాట్లాడుతుంది అనే పద్ధతిలోనే ఉన్నారు, ఆ వయసులో ఆ నిగ్రహం చూసి నేనైతే ఆశ్చర్యపోయా. చివరికి జూన్ 20 రాత్రి విద్యాశాఖ మంత్రి సబితా ఇంద్రారెడ్డి క్యాంపస్‌కొచ్చి పిల్లలతో కూర్చుని మాట్లాడితే అర్ధరాత్రి దాకా చర్చ నడిచి ఆందోళన విరమించారు. ఏడు రోజులు.

ఇక్కడే నా పాయింటు. ఈ ఏడు రోజుల నుంచి రెండు పక్షాలూ రెండు వేరే పాఠాలు నేర్చుకున్నాయి. పిల్లలు నేర్చుకున్నది, అర్జీలు పెడితే పని కాదు, గేటు దగ్గర కూర్చుంటే మంత్రి అర్ధరాత్రి వస్తుంది అని. మేనేజ్‌మెంట్ నేర్చుకున్నది, గేటు వదులైతే రాజకీయం లోపలికొస్తుంది, కాబట్టి గేటు బిగించాలి అని. అప్పటి నుంచి ఎవరి పాఠం వాళ్ళు అప్పజెప్పుకుంటూనే ఉన్నారు.

తర్వాత జరిగింది చూడండి. నెల తిరక్కుండానే, జూలై 15న మెస్‌లో మధ్యాహ్నం ఎగ్ ఫ్రైడ్ రైస్ తిని వందకు పైగా పిల్లలు వాంతులు విరేచనాలతో పడిపోయారు, కొందరిని నిజామాబాద్ ఆసుపత్రికి తరలించారు. మెస్ కాంట్రాక్టర్లని మార్చమని నెలాఖరులో మళ్ళీ పిల్లలు భోజనం మానేసి కూర్చున్నారు. ఆగస్టు 7న గవర్నర్ తమిళిసై రాత్రి రైలెక్కి వచ్చి, పొద్దున్నే సరస్వతమ్మ దర్శనం చేసుకుని, పిల్లలతో కలిసి టిఫిన్ చేసి వెళ్ళారు. సెప్టెంబర్ 26న కేటీఆర్ మంత్రులతో వచ్చి మాటిచ్చాడు, డిసెంబర్‌లో స్నాతకోత్సవానికి మళ్ళీ వచ్చి లాప్‌టాప్‌లు పంచాడు. కాబట్టి కూర్చుంటే ఏమీ రాలేదు అనలేం. లాప్‌టాప్ వచ్చింది, ఫోటోలు వచ్చాయి. రూలు మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. జూలైలో కొత్తగా వెంకటరమణ గారిని వీసీగా పంపారు, ఆయన కూడా ఇన్‌చార్జే.

2023 జూన్‌లో రెండు రోజుల తేడాలో ఇద్దరు పీయూసీ అమ్మాయిలు క్యాంపస్‌లో చనిపోయారు. వాళ్ళ గురించి ఎక్కువ రాయను, ఇళ్ళల్లో అమ్మానాన్నలున్నారు. ఆ తర్వాత బయట ప్రతి ఒక్కళ్ళూ క్రమశిక్షణ, నిఘా, కౌన్సెలింగ్ అన్నారు. పదిహేనేళ్ళ పిల్లని ఇంటి నుంచి అంత దూరం తెచ్చి వేలమందిలో పడేసినప్పుడు ఆ పిల్లకి మాట్లాడటానికి ఒక మనిషి కావాలి కదా అన్న ఆలోచన మాత్రం ఎప్పుడూ ఆఖర్నే వస్తుంది.

మేనేజ్‌మెంట్ వైపు మాట కూడా చెప్పాలి, చెప్తా. వాళ్ళనేది, వేలమంది పిల్లలు, సెలక్షన్ లిస్టులో సగానికంటే చాలా ఎక్కువ అమ్మాయిలే, ఏదైనా జరిగితే మొదట అడిగేది మమ్మల్నే, తల్లిదండ్రులే గేటు గట్టిగా పెట్టమంటారు అని. ఇందులో అబద్ధం లేదు. చాలామంది తండ్రులు ఆడపిల్లని అంత దూరం పంపేదే ఆ గేటుని చూసి. అసలు ఆ గేటు లేకపోతే పదో తరగతి కాగానే పెళ్ళి సంబంధాలు చూసే ఇళ్ళు కూడా ఉన్నాయి, ఆ పిల్లలకి ఆ గోడే ఒక రకంగా దారి. కాకపోతే పదిహేనేళ్ళప్పుడు దారైన గోడ ఇరవై ఏళ్ళకి కూడా అలాగే ఉంటుందా అన్నది పిల్లలడిగే ప్రశ్న, దానికి తండ్రుల పేరు చెప్పి తప్పించుకోవడం నాకు నచ్చలేదు.

ఇదంతా బాసర ఒక్కదాని కథ అనుకుంటే పొరపాటు. అటు ఆంధ్రా వైపు నూజివీడులో 2024 ఆగస్టులో వందలమంది పిల్లలు జబ్బు పడ్డారు, మెస్ మీదే గొడవ. ఆ డిజైనే అంత, ఆరేళ్ళు, ఒకే గేటు, ఒకే మెస్. బయటికెళ్ళి ఇడ్లీ తిని రాగలిగే పిల్లాడికి మెస్ బాగోకపోతే చిరాకు, అంతే. వెళ్ళలేని పిల్లాడికి మెస్ బాగోకపోవడం అంటే ఆ పూట పస్తు. ఔట్‌పాస్ గొడవనీ మెస్ గొడవనీ వేరువేరుగా రాసే వార్తల్లో ఈ ముక్క జారిపోతుంటుంది.

ఇప్పుడు ఆ గోడ దగ్గరికొద్దాం. 2023 డిసెంబర్‌లో రేవంత్ రెడ్డి ముఖ్యమంత్రి అయ్యాడు. క్యాంపస్‌లో పిల్లలు ఎంత ఆశపడ్డారో చెప్పక్కర్లేదు, మా గోడ దూకిన మనిషి సీఎం అయ్యాడు, ఇక రెగ్యులర్ వీసీ ఖాయం అనుకున్నారు. 2024 సెప్టెంబర్‌లో మళ్ళీ ఆందోళన, ఈసారి ఇన్‌చార్జి వీసీ దిగిపోవాలని. అక్టోబర్‌లో ప్రభుత్వం మనిషిని మార్చింది, జేఎన్‌టీయూ ప్రొఫెసర్ గోవర్ధన్‌ని పంపింది. ఆర్డర్‌లో హోదా మాత్రం మళ్ళీ ఇన్‌చార్జి వీసీ అనే ఉంది. ఆయన మంచి అకడమిక్ మనిషే, అది వేరే విషయం.

ఇప్పటి గొడవ చూసి ఈ పిల్లలకి ప్రతిసారీ కూర్చోవడం అలవాటైపోయింది అనేవాళ్ళకి ఒక లెక్క చెప్తా. 2022 జూన్‌లో గేటు దగ్గర వానలో తడిసినవాళ్ళలో అందరికంటే చిన్నవాళ్ళు 2021లో చేరిన పీ1 పిల్లలు. వాళ్ళు ఈ4 పూర్తి చేసేది 2027లో. అప్పటిదాకా ఆ ఏడు రోజులు కళ్ళారా చూసినవాళ్ళు క్యాంపస్‌లోనే ఉంటారు, రాత్రిళ్ళు కొత్త పీ1 పిల్లలకి కథలా చెప్తూ.