పొదుపు సంఘం అప్పులు: భీమిలి, ఆనందపురం పల్లెల్లో వినిపించే అపోహలు - వాస్తవాలు

అపోహ: సంఘం పెట్టేదే బ్యాంకు అప్పు కోసం.

వాస్తవం: సొంత పొదుపును సంఘం ఎలా తిప్పుకుంటుందో చూశాకే బ్యాంకు అప్పిస్తుంది. పది మంది నెలకు ₹200 చొప్పున వేస్తే ఆరు నెలలకు ₹12,000 అవుతుంది. అది ఖాతాలో ఊరికే పడి ఉంటే లాభం లేదు. మందులకో విత్తనాలకో సభ్యుల మధ్య తిరగాలి, దాని మీద వచ్చే వడ్డీ సంఘం నిధిలోనే చేరాలి. సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, తిరిగి చెల్లింపు, పుస్తకాలు... ఈ పంచసూత్రాలు ఆరు నెలలు తప్పకుండా నడిస్తే బ్యాంకు అప్పు మొదటి విడతకు దారి దొరికినట్టే. జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ మార్గదర్శకాల ప్రకారం ఆ విడతలో వచ్చే అప్పు సంఘం నిధికి ఆరు రెట్లు గానీ ₹1.5 లక్షలు గానీ, ఏది ఎక్కువైతే అది.

అపోహ: వచ్చిన అప్పును తలా ఇంత పంచుకుంటేనే గొడవలుండవు.

వాస్తవం: మంచి సంఘాలు కూడా ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ₹3 లక్షలు వస్తే తలా ₹30,000. ఆనందపురంలో పూల తోట వేసే ఆమెకు బోరు మోటారుకు అది చాలదు, మిగతాది బయట మూడు రూపాయల వడ్డీకి తెస్తుంది. భీమిలిలో ఎండు చేపలమ్మే ఆమెకు ₹10,000 చాలు, మిగిలింది తెలిసినవాళ్లకు తిప్పుతుంది. వాళ్లు ఎగ్గొడితే ఆమె కిస్తీ ఆగుతుంది. బ్యాంకు దృష్టిలో బకాయి పడింది ఆమె ఒక్కతే కాదు, మొత్తం సంఘం. అందుకే అప్పు అడగకముందే సూక్ష్మ రుణ ప్రణాళిక రాసుకోవాలి. ప్రతి ఇంటి ఆదాయం, ఖర్చు, పాత బాకీలు, ఏ నెలలో చేతిలో డబ్బు ఆడుతుందీ అందులో ఉండాలి. ఎవరికెంతో సమావేశంలోనే తేల్చి, మొత్తాలు వేసి, తీర్మానం చదివి వినిపించాకే సంతకాలు పెట్టాలి. ఖాళీ పేజీ మీద ఎవరూ సంతకం పెట్టొద్దు.

అపోహ: నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఎక్కడైనా ఒకటే.

వాస్తవం: ₹10,000 పది నెలలకు తీసుకుని, నెలకు ₹1,000 అసలు కడుతున్నారనుకోండి. మొదటి మొత్తం మీదే చివరిదాకా లెక్కేస్తే వడ్డీ ₹2,000. తగ్గే అసలు మీద లెక్కేస్తే ₹1,100. సంఘం లోపలి అప్పులకు రెండో పద్ధతే న్యాయం, దాన్నే తీర్మానంలో రాయించండి.

అపోహ: అప్పు కావాలంటే పొదుపు సొమ్ము బ్యాంకు దగ్గర బందీగా ఉంచాలి.

వాస్తవం: అక్కర్లేదు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ₹20 లక్షల వరకు సంఘం అప్పుకు తాకట్టు అడగకూడదు, పొదుపు ఖాతాను స్తంభింపజేయకూడదు.

అపోహ: లీడరు చేతికి డబ్బిచ్చేస్తే కిస్తీ కట్టేసినట్టే.

వాస్తవం: బ్యాంకు రసీదు వచ్చేదాకా కట్టినట్టు కాదు. సమావేశంలోనే మీ పాస్‌బుక్‌లో రాయించుకోండి. తర్వాతి సమావేశానికి రసీదు తెమ్మనండి. మూడు నెలలకోసారి బ్యాంకు స్టేట్‌మెంటును సంఘం లెడ్జరుతో పోల్చి చూడండి. అడగడం లీడరును అనుమానించడం కాదు, ఆమెకూ అదే రక్షణ.

అపోహ: వేట లేని నెలల్లో మత్స్యకార సంఘాలు కిస్తీ కట్టలేవు.

వాస్తవం: ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్ల వేట నిషేధం ఏటా వచ్చేదే, కాబట్టి లెక్క ముందే వేసుకోవచ్చు. సంఘం బ్యాంకు కిస్తీ నెలకు ₹3,000 అనుకుందాం. జూలై నుంచి ఏప్రిల్ వరకు పది నెలలు సభ్యుల దగ్గర మొత్తం ₹3,600 చొప్పున వసూలు చేయండి. అదనంగా వచ్చే ₹6,000 సంఘం పొదుపు ఖాతాలోనే ఉంచి, మే, జూన్ కిస్తీలు అందులోంచి కట్టండి. ఈ సొమ్మును మాత్రం మధ్యలో ఎవరికీ అప్పివ్వొద్దు. వసూలు కూడా నెల మొదటి వారంలోనే పెట్టుకోండి, ఏప్రిల్ వాటా నిషేధానికి ముందే చేతికొస్తుంది.