అలిపిరి గద్దలు, హడప్సర్ గ్లైడర్లు

మార్చి నెలలో పదకొండు గంటల వేళ అలిపిరి దగ్గర తలెత్తి చూస్తే, కొండ అంచున గద్దలు రెక్క ఆడించకుండానే గుండ్రంగా తిరుగుతూ పైకి పోతుంటాయి. ఉదయం ఏడింటికి మాత్రం అవి చెట్ల మీద, కరెంటు స్తంభాల మీద కదలకుండా కూర్చుని ఉంటాయి. ఈ నాలుగు గంటల తేడాలోనే గ్లైడింగ్, అంటే ఇంజిన్ లేని విమానమైన గ్లైడర్‌ను గాలిలో నడిపే విద్య, కీలకమంతా ఉందని నా అభిప్రాయం.

ఎండ గాలిని నేరుగా వేడి చేసేది తక్కువ. అది నేలను కాచితే, నేల తనను ఆనుకున్న గాలిని వేడెక్కిస్తుంది. నీరు నిండిన వరి కయ్య నెమ్మదిగా వేడెక్కుతుంది. దున్ని వదిలిన మెట్ట చేను, స్వర్ణముఖి ఇసుక, శేషాచలం క్వార్ట్‌జైట్ బండలు త్వరగా కాగుతాయి. అక్కడి గాలి వ్యాకోచించి, చుట్టుపక్కల గాలి కంటే తేలికై, నేలను విడిచి లేస్తుంది. దీన్నే థర్మల్ అంటారు. పైన పీడనం తక్కువ కనుక ఆ గాలి ఇంకా వ్యాకోచిస్తూ ప్రతి 1000 మీటర్లకు 9.8 డిగ్రీల చొప్పున చల్లబడుతుంది. అయినా పరిసరాల కంటే వెచ్చగా ఉన్నంతసేపు పైకి పోతూనే ఉంటుంది. అందులోని ఆవిరి నీటి బిందువులుగా మారే ఎత్తులో, అడుగు చదునుగా ఉన్న దూదిమేఘం ఏర్పడుతుంది. బడిలో ఉష్ణ సంవహనం పాఠం చెప్పేటప్పుడు పిల్లలను ఆరుబయటికి తీసుకువెళ్లి ఒక గద్దను చూపిస్తే ఎంత బాగుంటుంది!

పుణెలోని హడప్సర్ వంటి గ్లైడింగ్ కేంద్రంలో రోజంతా సాగే సందడికి కూడా ఈ ఎండే గడియారం. వించ్ యంత్రం పొడవాటి తీగను వేగంగా చుట్టుకుంటుంటే, దాని కొసకు తగిలించిన గ్లైడర్ గాలిపటంలా ఏటవాలుగా లేచి, సుమారు 300 మీటర్ల ఎత్తున తీగను వదిలేస్తుంది. శిక్షణ గ్లైడర్ నిశ్చలమైన గాలిలో సెకనుకు దాదాపు ఒక మీటరు చొప్పున దిగుతుంది కాబట్టి ఉదయపు విహారం ఐదు నిమిషాలకు మించదు. కొత్తగా నేర్చుకునేవారికి అదే మేలు, ఎందుకంటే కుదుపులు లేని గాలిలో లేవడం, దిగడం పదేపదే సాధన చేయవచ్చు. ఆ కాసేపటి కోసం కింద ఎందరో పని చేయాలి: ఒకరు రెక్క కొసను పట్టుకుని నడవాలి, ఒకరు వించ్ నడపాలి, ఇంకొకరు ఆకాశం ఖాళీగా ఉందో లేదో చూడాలి, దిగిన గ్లైడర్‌ను నలుగురు కలిసి వెనక్కి నెట్టుకు రావాలి.

మధ్యాహ్నానికి లెక్క మారుతుంది. సెకనుకు మూడు మీటర్ల వేగంతో లేచే థర్మల్ దొరికితే, తన దిగుడు పోను గ్లైడర్‌కు రెండు మీటర్లు మిగులుతాయి. పది నిమిషాల్లో 1200 మీటర్లు ఎక్కవచ్చు. థర్మల్ వెడల్పు తక్కువ కాబట్టి, ఎక్కుతున్నామో దిగుతున్నామో చెప్పే వేరియోమీటరును గమనిస్తూ పైలట్ అందులోనే చుట్లు తిరగాలి. ముందుగా ప్రవేశించినవారు ఏ దిశలో తిరుగుతుంటే తరువాత వచ్చినవారూ ఆ దిశలోనే తిరగాలన్నది ప్రాణాలను కాపాడే నియమం. గద్ద కనిపిస్తే పైలట్లు అటువైపే మళ్లుతారు.

కంటికి కనిపించని ఈ నిలువు గాలులను కొలిచే ఏర్పాటు తిరుపతికి దగ్గరలోని గాదంకిలోనే ఉంది. అక్కడి జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో 1024 యాంటెన్నాలున్న 53 మెగాహెర్ట్జ్ రాడార్ నింగికి తరంగాలను పంపి, తిరిగి వచ్చే బలహీనమైన ప్రతిధ్వనులను బట్టి గాలి ఎంత వేగంతో లేస్తోందో, దిగుతోందో లెక్కగడుతుంది. నేలకు దగ్గరి పొరను గమనించడానికి వేరే రాడార్లున్నాయి.

పొద్దు వాలి నేల చల్లబడుతుంటే థర్మళ్లు సన్నగిల్లుతాయి. మధ్యాహ్నం గంటల తరబడి గాలిలో నిలిచిన గ్లైడరే, అదే వించ్‌తో అంతే ఎత్తుకు లేచి, మళ్లీ ఐదు నిమిషాల్లో నేలకు చేరుతుంది.